రాళ్లేసిన కొండకి మళ్లీ వెళ్లాం

(బుద్ధ పూర్ణిమ నాడు మా పేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ బల్ల మీద బుద్ధుడి ఫోటో, అంబేద్కర్ ఫోటో పక్కపక్కన పెట్టాం. దండలేశాం. మాకంటే ముందు మాట్లాడిన పెద్దలు బుద్ధుడి జీవితం గురించి చక్కగా చెప్పారు. మేం అంత పెద్ద మాటలు చెప్పబోవడం లేదు. ఈమధ్య ఒక ఆదివారం మన పేట వాళ్లం ఒక కొండకి వెళ్లొచ్చాం. ఆ సంగతి చెబుతాం. అందులో మేం చేసిన తప్పులు రెండున్నాయి. ఒకటి ముప్పై ఏళ్ల కిందటిది. రెండోది ఈమధ్యదే. రెండూ దాచకుండా చెబుతాం. ఎదుటివాడి తప్పులు వేదికెక్కి చెప్పడం మనకి బాగా అలవాటైపోయింది కదా, ఈ ఒక్కరోజు మనవి చెప్పుకుందాం.

కొండ ఎక్కడో హిమాలయాల్లో లేదు. అనకాపల్లి పట్నానికి మూడు కిలోమీటర్ల దూరంలో, శంకరం అనే ఊరి పక్కన ఉంది. 2022 దాకా అది విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. అనకాపల్లి అంటే అందరికీ బెల్లం గుర్తొస్తుంది. చెరకు తోటలు, వరి మళ్లు దాటుకుని వెళితే పక్కపక్కనే రెండు గుట్టలు. ఒకటి బొజ్జన్నకొండ. రెండోది లింగాలకొండ. లింగాలమెట్ట అని కూడా అంటారు.

నాలుగు ఆటోల్లో వెళ్లాం. పులిహోర మూటలు, ఉడకబెట్టిన గుడ్లు, నీళ్ల సీసాలు. తెల్లారకుండా రోడ్లు ఊడ్చే రెల్లి అక్కలు ఇద్దరొచ్చారు. క్వారీలో రాయి కొట్టి కొట్టి అరచేతులు కాయలు కాసిన తాత ఒకాయనొచ్చాడు. పదో తరగతి పరీక్ష రాసిన పిల్లలు, డిగ్రీ చదివే కుర్రాళ్లు, ఎనభైకి దగ్గరపడ్డ మామ్మ ఒకామె. "సింహాచలం ఎల్తారు, తిరపతి ఎల్తారు గానీ ఈ బోడికొండకి ఏటి మాస్టారూ?" అని ఆటో తోలే కుర్రాడు అడిగాడు. "పద, చూద్దాం" అన్నాం. అప్పటికి మా దగ్గర అంతకంటే పెద్ద జవాబు లేదు.

పేరు ముందు, రాయి తర్వాత

ముందు పేర్ల సంగతి చూద్దాం. మేం పంతుళ్లం కాబట్టి హాజరు పట్టీతోనే మొదలుపెడతాం.

శంకరం. ఈ మాట వినగానే మన పిల్లలు శివుడి పేరనుకుంటారు. అసలు మాట సంఘారామం. సంఘం ఉండే ఆరామం. అంటే బౌద్ధ భిక్షువులు ఉండి, చదువుకుని, చదువు చెప్పిన చోటు. నోట్లో నాని నాని సంఘారామం కాస్తా శంకరం అయింది.

బొజ్జన్నకొండ. బుద్ధుని కొండ, బుద్ధన్న కొండ. అది బొజ్జన్న అయింది. బొజ్జ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ప్రపంచానికి కరుణ నేర్పిన మనిషి మన ఊళ్లో పొట్టగా మిగిలాడు.

లింగాలకొండ. అక్కడున్నవి లింగాలు కావు, స్తూపాలు. స్తూపమంటే ఏమిటి? బుద్ధుడు పోయాక ఆయన అస్థికల మీద, ఆ తర్వాత గొప్ప భిక్షువుల గుర్తుగా కట్టిన గుండ్రటి కట్టడం. కట్టలేని చోట రాతినే అలా చెక్కేవారు. దూరంగా చూస్తే గుండ్రంగా రాళ్లు లేచి కనబడతాయి కాబట్టి జనం లింగాలన్నారు.

చూశారా, మూడు పేర్లు. మూడింటిలోనూ బుద్ధుడు లేడు. ఉన్నాడు గానీ ఎవరికీ కనబడడు. ఎవరో ఒకడు పూనుకుని ఒక్కరోజులో మార్చాడని మేం అనడం లేదు. నాలుక మొద్దుబారితే కూడా పేర్లు మారతాయి. కానీ ఆ పాత పేరుని గుర్తుచేసేవాడు ఊళ్లో లేకుండా పోయాడు చూడండి, అదీ అసలు సంగతి. భిక్షువు పోయాడు, పుస్తకం పోయింది, అర్థం చెప్పేవాడు పోయాడు. మిగిలింది చెవి, నాలుక. వాటిని ఎటు తిప్పితే అటు తిరుగుతాయి.

ఇది మనకి కొత్తా? మా తాతకి పెంటయ్య అని పేరు. పెంట మీద పడుకోబెట్టి తెస్తే బిడ్డ బతుకుతాడని పెట్టారట. ఊళ్లో ఆ పేరైనా పూర్తిగా పిలిచినవాడు లేడు. "ఒరే" అంటే వచ్చేవాడు. మేం బడిలో చేరిన రోజు మా అమ్మ ఒక పేరు చెబితే పుస్తకంలో ఇంకో పేరు రాసుకున్నారు. "మీకెందుకే అంత పెద్ద పేర్లు" అన్నారు. ఆ రాసుకున్న పేరుతోనే మా డిగ్రీ ఉంది, మా ఉద్యోగం ఉంది. అందుకే ఆ కొండ కింద నిలబడి ఈ మూడు పేర్లూ పిల్లలకి విడదీసి చెబుతుంటే మాకు గొంతు పట్టేసింది. మనిషికైనా కొండకైనా ముందు పేరు తీసేస్తారు. పేరు పోయినవాడి మీద రాయి వెయ్యడం తేలిక.

మొదటి తప్పు

రాయి అని ఊరికే అనలేదు. చెబుతాం వినండి.

సంక్రాంతి వెళ్లిన మర్నాడు కనుమ కదా. కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్ల జనం వేలమంది బొజ్జన్నకొండకి వచ్చేవాళ్లు. తీర్థంలాగే ఉండేది. అక్కడ బొజ్జలా ఉబ్బిన ఒక రాతి ఆకారం ఉంది. అది రాక్షసుడి పొట్ట అని జనం నమ్మకం. రాక్షసుడి పొట్ట కాబట్టి రాళ్లు వెయ్యాలి. పెద్దలు వేసేవారు, పిల్లలు వేసేవారు. రాయి తగిలితే కేకలు, ఈలలు.

మేమూ వేశాం.

పదేళ్ల వయసు ఉంటుంది. మా నాన్న భుజాలమీద ఎక్కించుకు తీసుకెళ్లిన పిల్లలు కూడా వేశారు. జేబుల నిండా రాళ్లేరుకుని వెళ్లాం. "రాచ్చసుడికి తగిలిందోయ్" అని గెంతాం. ఇంటికొచ్చి పొగరుగా చెప్పుకున్నాం. ఎవడా రాక్షసుడు, ఏం పాపం చేశాడు, ఎవరిని తిన్నాడు? మేం అడగలేదు. మాకెవరూ చెప్పలేదు. బడిలో అదే ఏడాది బుద్ధుడి పాఠం చదివాం. బోధిచెట్టు, అష్టాంగమార్గం, రెండు మార్కుల ప్రశ్న. ఆ బుద్ధుడికీ ఈ బొజ్జకీ సంబంధం ఉందని మా మాస్టారుకీ తెలియలేదు.

తర్వాత వారసత్వ కట్టడాల పరిరక్షణకి పనిచేసే ఇంటాక్ సంస్థవాళ్లు, జిల్లా అధికారులు కలిసి ఆ రాళ్లేసే ఆచారాన్ని ఆపించారు. మంచిపని చేశారు. కానీ మిత్రులారా, రాయి ఆగితే చాలదు. రాయి ఎందుకేశామో తెలియాలి. చేతిలోది పడిపోయినా బుర్రలోది ఉండిపోతే ఇంకో కొండ దగ్గర ఇంకొకడి మీద వేస్తాం.

అంబేద్కర్ 1948లో అంటరానివాళ్లెవరు, వాళ్లెలా అంటరానివాళ్లయ్యారు అని ఒక పుస్తకం రాశారు. ఆయన వాదన ఇది: మన పూర్వీకులు చెదిరిపోయి ఊరి చివర కాపురమున్న జనం. వాళ్లు బౌద్ధులు. బ్రాహ్మణుణ్ణి గురువుగా ఒప్పుకోలేదు. మిగతావాళ్లు మానేశాక కూడా గొడ్డుమాంసం తినడం మానలేదు. అందుకని వెలివేశారు. క్రీస్తుశకం 400 ప్రాంతంలో అంటరానితనం మొదలైందని ఆయన లెక్క వేశారు. చరిత్రకారులందరూ దీన్ని ఒప్పుకోలేదు. వాదులాట ఉంది, ఉండనివ్వండి. మనం గుడ్డిగా నమ్మక్కర్లేదు. కానీ ఆ కొండ మీద నిలబడి ఆలోచించండి. ఆ గుహలు తొలిచింది నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా. ఆయన చెప్పిన కాలమూ అక్కడే తగులుతోంది. ఒక పక్కన కొండ మీద ఎవరైనా రావచ్చన్న సంఘం. ఇంకో పక్కన కింద మైదానంలో ఎవడెవణ్ణి ముట్టుకోకూడదో లెక్కలు. చివరికి ఏది గెలిచిందో మన వీపులకి తెలుసు.

మన వాదన తప్పో ఒప్పో తేలేలోగా ఒక మాట మాత్రం నిజం. పేటలో పుట్టిన పిల్లలం పోయి పోయి బుద్ధుడి కొండకే రాళ్లేశాం. మన చేతులతోనే వేయించారు.

తాత చదివిన గుహ

ఇక కొండ ఎక్కుదాం. మెట్లున్నాయి, భయం లేదు, మామ్మ కూడా ఎక్కింది.

పెద్ద గుహకి వాకిలి దగ్గర రెండు పక్కలా ద్వారపాలకులు. ఆ పైన ఇంకో గుహ. గోడలకి బుద్ధుడి బొమ్మలు, పద్మాసనం వేసుకుని కూర్చున్నవి. లోపలికెళితే పదహారు స్తంభాల మంటపం. కొన్ని విరిగిపోయాయి. నడిమధ్యన స్తూపం. అది బయట నుంచి తెచ్చి పెట్టింది కాదు. కొండలోనే ఉంచి, చుట్టూ రాతిని తీసేశారు. చుట్టూ తిరగడానికి దారి. స్తూపానికి నెత్తిమీద, కప్పులో, గొడుగు ఆకారం చెక్కి ఉంది.

పిల్లలు గబగబా తిరిగి బయటకొచ్చేశారు. క్వారీ తాత మాత్రం రాలేదు. గోడ తడుముతూ నిలబడిపోయాడు. "ఏటి తాతా" అంటే ఆయన చెప్పిన మాటలివి: "ఇది పైనుంచి కిందికి దింపినారు బాబూ. కప్పు ముందల తీసి, తరవాత స్తంభాలు ఒగ్గుకుంటా వచ్చినారు. కిందనించి కొడితే పైది నెత్తిన పడతాది. ఇక్కడ ఒక్క దెబ్బ తప్పు పడితే స్తంభం పోయినట్టే. అతికించడానికి ఇది మట్టి కాదు గదా. కొట్టకముందే ఆడికి బుర్రలో మొత్తం గుడి కనబడిండాలి."

మేం చరిత్ర ఎమ్మే చదివినవాళ్లం. గుహ దగ్గర మేం తారీకులు చెప్పాం. తాత పని చెప్పాడు. నిశానీ వేసే తాత ఆ రాయిని చదివాడు, మేం బోర్డు చదివాం. ఎవరు చదువుకున్నవాడో మీరే చెప్పండి.

పైకెళితే కొండ నెత్తిమీద పెద్ద స్తూపం. లోపల రాయి, పైన ఇటుకల తొడుగు. చుట్టూ చిన్నాపెద్దా స్తూపాలు, భిక్షువులుండే గదుల పునాదులు. ఒక్కో గది ఒక మనిషి పడుకుంటే సరిపోయేంత. పక్కనున్న లింగాలకొండయితే ఇంకా వింత. కొండ రాతినే వరసలు వరసలుగా స్తూపాలుగా చెక్కేశారు. ఒక స్తూపం చెక్కించడం అప్పటి భక్తుల మొక్కు. కొండకి కొండే మొక్కు అయిపోయింది.

1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి ఇక్కడ తవ్వించాడు. ఉత్తరాదిని ఏలిన సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికింది. గుర్రం బొమ్మ ఉన్న సీసపు నాణెం దొరికింది, అది శాతవాహనులదంటారు. వేంగి చాళుక్యుడు విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. అంటే ఈ కొండ అడవిలో ముక్కుమూసుకు కూర్చున్న కొండ కాదు. వర్తకులు వచ్చారు, యాత్రికులు వచ్చారు, దూరదేశాల డబ్బు వచ్చింది. ఈ తీరం పొడుగునా ఇలాంటివే: తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, విజయనగరం వైపు రామతీర్థం, శ్రీకాకుళంలో శాలిహుండం. మన ఉత్తరాంధ్రని వెనకబడ్డ ప్రాంతం అంటారు. ఒకప్పుడిది చదువుల తీరం.

ఇంకోమాట కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినట్టవుతుంది. ఆ సంఘంలో అంతా బంగారమే అని మేం అనం. రాజులు, వర్తకులు ఇచ్చిన దానాల మీద అది బతికింది. ఆడవాళ్లని సంఘంలోకి తీసుకోవడానికి అదనంగా నియమాలు పెట్టారు. ఇక్కడే థేరవాదం, మహాయానం, వజ్రయానం మూడూ ఒకదాని తర్వాత ఒకటి నడిచాయి. మొదట బొమ్మ లేని స్తూపం, తర్వాత బుద్ధుడి విగ్రహం, ఆ తర్వాత మంత్రతంత్రాలు. కానీ ఉపాలి అనే మంగలి, శాక్య రాకుమారులకంటే ముందు దీక్ష తీసుకుని వాళ్లచేత దండం పెట్టించుకున్న కథ ఆ సంఘానిదే. రాజగృహ వీధులూడ్చే సునీతుడు భిక్షువైన కథ ఆ సంఘానిదే. సునీతుడి కథ చెబితే మా రెల్లి అక్కల్లో ఒకామె, "ఊడ్సేవోడా? మాలాగ ఊడ్సేవోడేనా?" అని రెండుసార్లు అడిగింది. అవునన్నాం. చీపురుతో బతికే మనిషి పేరు రెండున్నరవేల ఏళ్లుగా ఒక మతం గుర్తుపెట్టుకుందని ఆమెకి అంతవరకు ఎవరూ చెప్పలేదు.

రెండో తప్పు

ఇప్పుడు రెండోది.

కొండ కింద హారీతి విగ్రహం ఉంది. మేం దిగొచ్చేసరికి మామ్మ సంచిలోంచి కొబ్బరికాయ, పసుపు కుంకం పొట్లం తీసింది. విగ్రహం ముందు కొట్టబోయింది. మాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏయ్ మామ్మా! ఇది గుడి కాదు, పురావస్తుశాఖవారి రక్షిత కట్టడం. కాయ కొట్టకూడదు. అంబేద్కర్ 22 ప్రతిజ్ఞలేం చెప్పాయి? ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అని అందరి ముందూ గట్టిగా అరిచాం.

మామ్మ కాయ సంచిలో పెట్టేసుకుంది. ఓ క్షణం ఊరుకుంది. తర్వాత అంది: "గుడికాడ మెట్టు ఎక్కొద్దు అన్నోడూ పంతులే. ఈడ కాయ కొట్టొద్దు అన్న నువ్వూ పంతులువే. ఆడూ ఇలాగే అరిసినాడు బాబూ. మాకేటి తేడా?"

మిత్రులారా, ఇరవై ఏళ్లుగా సభల్లో మాట్లాడుతున్నాం. ఇంత దెబ్బ మాకెప్పుడూ తగల్లేదు. తెలుగులో బడిపంతులుకీ గుడిపంతులుకీ ఒకటే మాట. ఆ మాటని మామ్మ మా మొహం మీద పెట్టింది.

మేం చెప్పింది తప్పు కాదు. కుంకం పూస్తే ఆ రాయి పాడవుతుంది. కానీ చెప్పిన తీరు ఎవరిది? వందల ఏళ్లుగా మన మీద అరిచిన గొంతుని మనమే అరువు తెచ్చుకున్నాం. నాలుగు ముక్కలు చదువుకున్నాక పేటవాళ్లు మనకి మూఢులుగా కనబడుతున్నారు. ఈ రోగం మాలో ఉంది. ఇక్కడ కూర్చున్న చదువుకున్న తమ్ముళ్లలోనూ ఉంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేద్కర్ లక్షలమందిచేత ప్రతిజ్ఞలు చేయించింది అరిచి కాదు. ముందు ఏళ్ల తరబడి చెప్పి, చర్చించి, నచ్చజెప్పి.

అప్పుడు నేలమీద కూలబడి మామ్మకి హారీతి కథ చెప్పాం. హారీతి ఒక రాక్షసి. వందలమంది బిడ్డల తల్లి. తన బిడ్డల్ని పెంచుకోవడానికి ఊళ్లో వాళ్ల బిడ్డల్ని ఎత్తుకుపోయి తినేది. జనం బుద్ధుడి దగ్గరకెళ్లి ఏడ్చారు. బుద్ధుడు ఆమెని చంపలేదు. రాళ్లేయించలేదు. ఆమె ఆఖరి బిడ్డని తన భిక్షాపాత్ర కింద దాచాడు. హారీతి బిడ్డకోసం లోకమంతా తిరిగి ఏడుస్తూ వచ్చింది. "ఇంతమందిలో ఒక్కడు కనబడకపోతేనే నీకిలా ఉందే, ఒక్కడే ఉన్నవాళ్లకి ఎలా ఉంటుంది?" అని అడిగాడు. ఆమెకి తెలిసొచ్చింది. ఆరోజు నుంచి పిల్లల్ని కాచే తల్లి అయింది.

మామ్మకి ఇద్దరు బిడ్డలు చిన్నప్పుడే పోయారు. కథ అయ్యాక విగ్రహం వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. "అయితే దీనికి కాయెందుకులే. దీనికే తెలుసు" అంది. ఆ కొబ్బరికాయని రాతిమీద కొట్టి పిల్లలందరికీ పంచింది. విగ్రహం దగ్గర కాదు, ఆటో స్టాండు దగ్గర. మేం చెయ్యి చాస్తే మాకూ ఒక ముక్క పెట్టింది.

తిరిగొస్తూ ఆటోలో మాకు తట్టిందిది. రాక్షసిని తల్లిగా మార్చినవాడు బుద్ధుడు. ఆ బుద్ధుణ్ణి రాక్షసుడిగా మార్చి రాళ్లేసింది మనం. ఆయన కొండ మీద, ఆయన మార్చిన రాక్షసి కళ్లముందే.

ఏం చేద్దాం?

ఊరికే బాధపడి ఇళ్లకి పోవడానికి సభ పెట్టుకోలేదు. మూడు పనులు చెబుతాం. పెద్ద ఖర్చు లేనివి.

ఒకటి. వచ్చే కనుమకి మన పేట నుంచి ఆ కొండకి వెళదాం. పండగ పండగే, పిల్లల్ని తీసుకెళదాం, తినుబండారాలు తీసుకెళదాం. జేబులో రాయి బదులు ఒక పుస్తకం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వస్తే వాళ్లకీ చెబుదాం. అరవకుండా చెబుదాం.

రెండు. గోడల మీద పేర్లు చెక్కే కుర్రాళ్లున్నారు. మన పిల్లలూ ఉన్నారు. ప్రేమించిన అమ్మాయి పేరు రాయాలనుకుంటే కాగితం మీద రాసుకోండి తమ్ముళ్లూ. పదిహేను వందల ఏళ్లు నిలబడ్డ రాయి మీద మీ మేకు గీత పడకూడదు. చట్టం ఉందని కాదు. అది మన తాతల పని అని.

మూడు. ఇది టీచర్లకి. మీ బడిలో పిల్లలచేత వాళ్ల ఊరి పేరుకీ, చెరువు పేరుకీ, గుట్ట పేరుకీ అర్థం రాయించండి. ముసలివాళ్లని అడిగి రమ్మనండి. పేటల పేర్లు కూడా రాయించండి. రెండు మార్కుల బుద్ధుడు అప్పుడు మూడు కిలోమీటర్ల దూరంలో కనబడతాడు.

మేం ఆఖరుగా అడిగేది ఇంతే. అంబేద్కర్ 1956 డిసెంబర్ 6న పోయారు. ధమ్మం చేతికిచ్చి రెండు నెలలన్నా నిండకుండానే పోయారు. మిగతా పని మనదే అన్నమాట. ఆ పని దండలెయ్యడంతో అవదు. మామ్మ లాంటివాళ్ల పక్కన నేలమీద కూర్చుని, వాళ్ల మాట వినీ మన మాట చెప్పీ చెయ్యాలి. మామ్మ ఇక్కడే ముందు వరసలో ఉంది. కనుమకి మళ్లీ వస్తావా మామ్మా అని పొద్దున్నే అడిగాం. "పంతుల్లాగ అరవనంటే వస్తాను" అంది.

అరవం మామ్మా. అందరి ముందూ చెబుతున్నాం.

జై భీమ్.